ఉత్తుత్తి సంతలో ఉప్పు ధర

ఏటికి ఇవతలి అడవిలో అన్నీ దొరుకుతాయి, ఒక్క ఉప్పు తప్ప. గడ్డి ఉంది, నీళ్ళున్నాయి, నీడ ఉంది, అవసరానికి మించి కోతులున్నాయి. ఉప్పు కావాలంటే మాత్రం రెండే దిక్కులు. ఒకటి, తూర్పు గుట్ట కింద ఉన్న చౌడు గుంట. అది అడవిపంది కోరయ్యది. వాళ్ళ తాత తవ్వాడట, వాళ్ళ నాన్న తవ్వాడట, కాబట్టి ఆ గుంట తనదేనట. ఎవరైనా కాదంటే కోరలు చూపిస్తాడు. ఆయన దగ్గరున్న పట్టా అదే. రెండోది, ఏటి అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పుమళ్ళ నుంచి గాడిదల బిడారు మోసుకొచ్చే ఉప్పు. ఆ బిడారుకి పెద్ద, నూకాలమ్మ అనే గాడిద.

వారానికోసారి ఏటి ఇసుక తిన్నె మీద సంత. ఒక కొసన కోరయ్య, ఇంకో కొసన నూకాలమ్మ. అక్కడ డబ్బులు చెల్లవు, చిలగడదుంపలు చెల్లుతాయి. గడ్డ ఉప్పుకి మూడు దుంపలు. ఒకరు ధర పెంచితే జనమంతా రెండోవారి దగ్గరికి పోతారు గనక, ఇద్దరూ ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ ఆ మూడు దగ్గరే ఉండేవారు.

కొనేవాళ్ళలో మైలయ్య అనే ముసలి ఎద్దు ఒకడు. వాడు కొనేది తనకోసం కాదు, పుల్లయ్య కోసం. పుల్లయ్య వాడి కాడి జోడు. ఏళ్ళ తరబడి ఒకే కాడి కింద మెడలు పెట్టి దున్నారు ఇద్దరూ. ఊళ్ళోకి ట్రాక్టరు వచ్చాక రైతు కబేళా వాడితో బేరం పెట్టాడు. ఆ మాట చెవిన పడగానే పలుపులు తెంపుకుని అడవిలో పడ్డారు. ఇప్పుడు పుల్లయ్య లేవలేడు. నాలుకకి రుచి చచ్చిపోయింది. కాస్త ఉప్పు నాకితే గడ్డి నోట పెడతాడు, నాకకపోతే మేత వైపు కన్నెత్తి చూడడు. వాడి ప్రాణం ఆ ఉప్పు గడ్డ మీద ఉంది, ఆ ఉప్పు గడ్డ మైలయ్య కాళ్ళ మీద ఉంది. వదిలేసిన పాత చేలల్లో రోజల్లా గిట్టలతో గీరితే నాలుగు దుంపలు బయటపడేవి. మైలయ్యకి ఒళ్ళు అలవని రోజంటూ లేదు.

ఇలా ఉండగా ఒకరోజు ఏనుగు దొర దర్బారులో నక్క జంబయ్య గొంతు సవరించుకున్నాడు. జంబయ్య ఆ దొరకి మంత్రి. అడగకుండానే సలహా చెప్పడం వాడి ఉద్యోగం.

"దొరా, ఖజానాలో దుంపలు అడుగంటాయి."

"తెలుసు. మీ వదిన రోజూ అదే పాట," అన్నాడు ఏనుగు దొర.

"గాడిదలు పరాయి ఉప్పు తెచ్చి మన దుంపలు మోసుకుపోతున్నాయి. రేవులో సుంకం పెడదాం. గడ్డకి రెండు దుంపలు. ఖజానా నిండుతుంది, మన కోరయ్య బాగుపడతాడు."

"మరి ఉప్పు ధర పెరగదూ?"

"ఎందుకు పెరుగుతుంది? కట్టేది గాడిదలు. పోయేది గాడిదలది. మనకేంటి?"

ఏనుగు దొర చెవులు ఊపాడు. మంచివాడే, కానీ పుట్టిన దగ్గర్నుంచీ ఏదీ కొని ఎరగడు. సంత రోజున దొరవాటా అని ఆయన ఉప్పు ఆయన దగ్గరికే నడిచొచ్చేది. "సరే, ముందు ఉత్తుత్తి సంత ఆడి చూద్దాం," అన్నాడు.

ఆ అడవికి ఈ ఆచారం ఒకటుంది. కొత్త చట్టం ఏది పెట్టాలన్నా ముందు ఒక పూట ఆడి చూడాలి. గులకరాళ్ళు సరుకు, రావి ఆకులు దుంపలు. కొందరు అమ్ముతారు, కొందరు కొంటారు, చివరికి ధర ఎక్కడ తేలితే అసలు సంతలోనూ అక్కడే తేలుతుందని నమ్మకం. చెడ్డ ఆచారమేం కాదు. పెట్టినవాడెవడో బుర్ర ఉన్నవాడే. కానీ ఆడేవాళ్ళలో ఒక తిక్క ఉంది. అందరికీ అమ్మేవాడి వేషమే కావాలి. అమ్మేవాడైతే కేకలు పెట్టొచ్చు, మీసం దువ్వొచ్చు, "పోవయ్యా, నీ మొహానికి ఉప్పా" అని ఎవణ్ణయినా తోలెయ్యొచ్చు. కొనేవాడికేముంది? ఎండలో నిలబడి ఆకులు లెక్కపెట్టడం. ఆ వేషం ఎవరూ కట్టరు గనక ఏటేటా అది మైలయ్య నెత్తిన పడేది. ఓపికున్నవాడని పేరు కదా. ఆ పేరు వచ్చినవాడికి ఇంకేదీ రాదు.

ఆ రోజూ అంతే జరిగింది. కోతులూ మేకలూ కుందేళ్ళూ, చివరికి ఎప్పుడూ దేంట్లోనూ కలవని ముళ్ళపందీ, తిన్నె నిండా అమ్మేవాళ్ళే. సగం మంది గాడిదల వేషం, సగం మంది కోరయ్య వేషం. నడుమ మైలయ్య ఒక్కడు. అసలు కోరయ్య ఆటలో లేడు. అవతల తుమ్మ నీడలో పడుకుని చూస్తున్నాడు.

జంబయ్య రేవు గట్టు మీద నిలబడి గాడిద వేషాల దగ్గర రాయికి రెండేసి ఆకులు వసూలు చేశాడు. ఆట మొదలైంది.

"రాయి అయిదు ఆకులు!" అంది గాడిద వేషం కట్టిన కోతి.

"మైలయ్య మామా, దాని దగ్గరికెళ్ళకు, నాది నాలుగే!" అంది ఇంకో కోతి.

"నాది మూడున్నర!"

"నాది మూడు! రా మామా, రా! నష్టానికిస్తున్నా!"

ఆ పక్కన కోరయ్య వేషం కట్టిన కుందేళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒకటి మూడంటే ఇంకొకటి రెండున్నర అంది. తన రాయి ముందు అమ్ముడుపోవాలన్న పట్టుదల తప్ప వాటికి ఇంకో ధ్యాస లేదు. పొద్దు వాలేసరికి ధర మూడు దగ్గరే తేలింది.

"చూశారా దొరా!" అని జంబయ్య తోక ఎగరేశాడు. "సుంకం మొత్తం గాడిదలే దిగమింగాయి. మనవాళ్ళకి ఈకంత కూడా పెరగలేదు!"

మైలయ్య చుట్టూ చూశాడు. ఏదో తేడాగా ఉంది. పొద్దుటి నుంచి తనని అంతమంది బతిమాలడం అసలు సంతలో ఏనాడూ జరగలేదు. మెల్లిగా నోరు విప్పాడు. "దొరా, చిన్న మాట. ఇక్కడ అమ్మేవాళ్ళు ఇంతమంది ఉన్నారు. అసలు సంతలో ఇద్దరే కదా..."

"ఇద్దరైతే ఏంటి, ఇరవైమందైతే ఏంటి మైలయ్యా?" అని జంబయ్య నవ్వాడు. "ఉప్పు ఉప్పేగా? జనం పెరిగితే తియ్యగా అవుతుందా?"

తిన్నె అంతా గొల్లున నవ్వింది. మైలయ్య దగ్గర జవాబుంది. కానీ కాళ్ళు లాగుతున్నాయి. పొద్దుటి నుంచి రాళ్ళు కొని కొని తల తిరుగుతోంది. ఇంటి దగ్గర పుల్లయ్య ఎదురు చూస్తుంటాడు. ఇంకా వాదన ఎవడు పెట్టుకుంటాడు?

"సరేలే," అన్నాడు.

అలిసినవాళ్ళు అనే ఈ సరేలే ఉంది చూశారూ, లోకంలో సగం చట్టాలు దాని భుజం మీదే నిలబడి ఉంటాయి. నాకు ఆ మాటంటే ఒళ్ళు మంట. అయినా మైలయ్యని తిట్టలేను. ఆ రోజంతా ఎండలో నిలబడింది వాడు, నేను కాదు.

సుంకం వచ్చింది. తరువాతి సంతలో నూకాలమ్మ గడ్డకి నాలుగు చెప్పింది.

"అదేంటమ్మా?" అన్నాడు మైలయ్య.

"రేవులో రెండు లాక్కుంటున్నాడు ఆ నక్క. ఒకటి నేను మింగాను, ఒకటి మీ మీద వేశాను. అంతకంటే మింగితే నా గాడిదలు దారిలోనే పడిపోతాయయ్యా."

అది న్యాయంగానే తోచింది మైలయ్యకి. సరే, కోరయ్యకి సుంకం లేదు కదా అని ఆ కొసకి నడిచాడు. అక్కడా నాలుగే.

"నీకెందుకు పెరిగింది కోరయ్యా? నీ గుంటకీ రేవుకీ సంబంధం ఏంటి?"

కోరయ్య కోర గోక్కున్నాడు. "అక్కడ నాలుగు పలుకుతుంటే నేను మూడుకిస్తే నా ఉప్పుకి మర్యాదేం ఉంటుందిరా? జనం ఏమనుకుంటారు? ఇదేదో పుచ్చు సరుకు అనుకోరూ?"

"మూడుకి నీకు గిట్టేదిగా?"

"ఇప్పుడూ గిట్టుతోంది. ఇంకా బాగా గిట్టుతోంది."

మైలయ్య నాలుగు దుంపలూ పెట్టి గడ్డ తీసుకున్నాడు. కోరయ్యకి అదీ చాలక ఇంకో ఎత్తు వేశాడు. మరుసటి సంతలో నూకాలమ్మ కంటే చిన్న దుంప తక్కువకి ఇవ్వడం మొదలుపెట్టాడు. జనం అటు ఒరిగారు. నూకాలమ్మ మూటలు దిగినవి దిగినట్టే మళ్ళీ ఎక్కాయి. ఆవిడకి అంతకంటే దించే వీల్లేదు, నెత్తిన సుంకం ఉంది. నాలుగు వారాలు చూసింది. అయిదో వారం రాలేదు. ఆ తరువాత అసలే రాలేదు.

గాడిదలు రావని ఖాయమయ్యాక కోరయ్య సంతకి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. తొందరేముంది? ధర ఆరు అన్నాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఎనిమిది అన్నాడు.

ఏనుగు దొర రేవుకి వచ్చి చూస్తే జంబయ్య ఖాళీ బుట్ట ముందు కూర్చుని జోగుతున్నాడు.

"సుంకం ఏదయ్యా?"

"గాడిదలు వస్తే కదా దొరా వసూలు చేసేది!"

"గాడిదలు రాకపోతే ఖజానా ఎలా నిండుతుంది?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా దొరా," అన్నాడు జంబయ్య, అదేదో మంచి ప్రశ్న అన్నట్టు.

వాడు ఆలోచిస్తున్నది వేరే. ఆ సాయంత్రం చౌడు గుంట పక్క చేలో మైలయ్య దుంపల కోసం గీరుతుంటే గట్టు అవతల మాటలు వినపడ్డాయి.

"నా వాటా ఏది అన్నా? సుంకం పెట్టిస్తే పదింట ఒకటి ఇస్తానన్నావు," అంటున్నాడు జంబయ్య.

"అన్నాను."

"మరి?"

"రేవు మూసుకుపోయింది కదయ్యా. నీ పని అయిపోయింది. ఇప్పుడు నీకు ఇచ్చి నేనేం కొనుక్కోవాలి?" అన్నాడు కోరయ్య.

"దొరతో చెప్తాను!"

"చెప్పు. లంచం మాట్లాడుకున్నాను, మోసపోయాను, న్యాయం చెయ్యండి అని చెప్పు. నేనూ వస్తా వినడానికి."

జంబయ్య తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పోయాడు. మైలయ్యకి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. తవ్విన మూడు దుంపలు నోట కరుచుకుని ఇంటిదారి పట్టాడు.

పుల్లయ్య వెదురు పొద నీడలో పడుకుని ఉన్నాడు. పక్కన పొద్దున పెట్టిన గడ్డి పెట్టినట్టే ఉంది.

"ఉప్పు తెచ్చావురా మైలా?"

"ఈ వారం కుదర్లేదు. ఎనిమిది అంటున్నాడు."

"పోనీలే."

"గడ్డి తిను."

"మట్టి నమిలినట్టుందిరా. తరువాత తింటాలే." మైలయ్య వైపు తల తిప్పి, "నువ్వు తిన్నావా?" అన్నాడు పుల్లయ్య.

"తిన్నాను."

"అబద్ధం. దుంపలన్నీ ఆ పందికే పోస్తున్నావు. నీ డొక్కలు కనపడుతున్నాయి. వదిలెయ్యి మైలా. దున్నినన్నాళ్ళు దున్నాం. ఇంక నన్ను లాగకు."

"నోరు ముయ్యి," అన్నాడు మైలయ్య. అంతకంటే గట్టిగా అరిచే ఓపిక లేదు. పుల్లయ్య మెడ మీద కాడి రాసుకుని కాయ కాచిన చోట నాకుతూ కూర్చున్నాడు. వాడికి చాలా భయంగా ఉంది. పుల్లయ్య లేకుండా ఒక్క రోజైనా ఎలా ఉంటుందో వాడికి తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

మర్నాడు పొద్దున్నే దర్బారుకి వెళ్ళాడు.

"దొరా, మళ్ళీ ఉత్తుత్తి సంత పెట్టించండి."

"దేనికి? కొత్త చట్టమేదీ లేదే."

"పాతదానికే. కిందటిసారి సరిగ్గా ఆడలేదు. ఇన్నేళ్ళూ నేను కొంటూనే ఉన్నాను. ఈ ఒక్కసారి అమ్మే సరదా తీర్చుకోనివ్వండి."

దొర మొహమాటపడి సరేనన్నాడు. అడవి అంతా తిన్నె మీదకి చేరింది. కోతులు రాళ్ళు పట్టుకుని ఎగబడుతుంటే మైలయ్య తల అడ్డంగా ఊపాడు. "అమ్మేవాణ్ణి నేనొక్కణ్ణే. మీరందరూ గట్టెక్కండి."

"మరి కొనేదెవరు?" అన్నాడు జంబయ్య.

ఎవరూ ముందుకి రాలేదు. కోతులు ఆకాశం చూశాయి, ముళ్ళపంది నేల చూసింది.

"దొరగారు కొంటారు," అన్నాడు మైలయ్య.

ఏనుగు దొర సరదాగా నవ్వి రావి కొమ్మ ఒకటి విరుచుకుని తిన్నె దిగాడు. మైలయ్య ముందు ఒకే ఒక్క గులకరాయి ఉంది.

"ఎంతయ్యా ఉప్పు?"

"పది ఆకులు."

"పదా? మూడు కదా!"

"అది ఎప్పటి మాటో దొరా."

"బేరం చెప్పు. అయిదు తీసుకో."

"పన్నెండు."

"అడిగితే పెంచుతావేంటి! నీ దగ్గర నాకొద్దు, ఆ పక్క వాడి దగ్గర కొనుక్కుంటా." దొర విసురుగా తొండం తిప్పి పక్కకి చూశాడు. ఇసుక తప్ప ఏమీ లేదు. ఇటు చూశాడు. ఇటూ ఇసుకే.

"పక్కన ఎవడూ లేడు దొరా," అన్నాడు మైలయ్య అలసటగా. "పదిహేను."

గట్టు మీద ఒక్కరూ నవ్వలేదు. దొర తొండంలో ఉన్న కొమ్మ వంక చూసుకున్నాడు. ఆకులు పద్నాలుగో ఏమో ఉన్నాయి. ఆయన మొహంలో మొదటిసారి కొనేవాడి మొహం కనపడింది. పాపం, మంచివాడే అన్నాను కదా.

"నా ఇంటి దగ్గర ఒక ప్రాణం గడ్డి మానేసింది దొరా," అన్నాడు మైలయ్య. "నేను ఆడుతున్నది ఆట కాదు."

"సుంకం ఎత్తేశాం," అన్నాడు ఏనుగు దొర అక్కడికక్కడే. "జంబయ్యా, ఆ బుట్ట తీసెయ్యి."

అందరూ చప్పట్లు కొట్టారు. కథ ఇక్కడ ఆపేస్తే అందరికీ బాగుండును. కానీ తరువాతి సంతలో కోరయ్య తాపీగా వచ్చి గడ్డలు పేర్చుకుని ఎనిమిదే చెప్పాడు.

"సుంకం లేదుగా ఇప్పుడు?" అన్నాడు మైలయ్య.

"లేదు."

"మరి ధర?"

"దొర సుంకం తీశాడు. గాడిదల్ని తెచ్చాడా?"

ఏరు దాటి సముద్రం ఒడ్డు దాకా పోవడమంటే మైలయ్య కాళ్ళకి మాటలు కాదు. అయినా వెళ్ళాడు. ఉప్పుమళ్ళ గట్టు మీద నూకాలమ్మ మూటలు కట్టిస్తోంది. ఆవిడ గాడిదలు కదిలినప్పుడల్లా మెడల్లో గంటలు మోగుతున్నాయి. ఏటి ఒడ్డున బతికే ఏ ప్రాణి అయినా నిద్రలో సైతం గుర్తుపట్టే మోత అది.

"సుంకం తీసేశారమ్మా. మళ్ళీ రండి."

ఆవిడ బాధగా చూసింది. "సంతోషమే. కానీ మా వాళ్ళకి దక్షిణాన ఇంకో సంత దొరికింది. దారి అలవాటైంది. వచ్చే ఏడు మీ దొరకి మళ్ళీ తిక్క పుట్టి సుంకం వెయ్యడని పూచీ ఎవరిస్తారు? నువ్విస్తావా?"

ఇవ్వలేడు. మైలయ్య తల వాల్చేశాడు. ఇంత దూరం నడిచింది ఇందుకా అనిపించి ఏడుపొచ్చింది. ఎద్దు ఏడిస్తే ఎవరికీ కనపడదు, అదొక సుఖం. అలా నిలబడి ఉండగా పక్కన గాడిద ఒకటి తల విదిలించింది. గంటలు గలగలమన్నాయి. మైలయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అమ్మా, నీ దగ్గర పాత గంటల దండ ఏదైనా ఉందా?"

"ఉంది. ఏం చేసుకుంటావు?"

"మెడలో వేసుకుంటాను."

"బాగుందయ్యా! కాడి దిగిందని సుఖపడక మళ్ళీ మెడకి బరువా?"

"అలవాటే," అన్నాడు మైలయ్య.

ఆవిడ గంటలిచ్చింది, దానితోపాటు ఒక ఉప్పు గడ్డ కూడా ఊరికే కొమ్ముకి కట్టింది. ఆ గడ్డ ఉన్నన్నాళ్ళూ పుల్లయ్య గడ్డి తిన్నాడు.

మరుసటి సంత పొద్దున కోరయ్య గడ్డలు పేర్చుకుంటున్నాడు. ఏటి అవతల రెల్లు పొదల్లోంచి గలగలమని మోత వచ్చింది. కోరయ్య చెవులు లేచాయి.

"ఏంటది?"

"నూకాలమ్మ బిడారు!" అని అరిచింది ఒక కోతి. "సుంకం తీసేశారుగా! వస్తోంది!"

మోత పొదల వెంట అటూ ఇటూ కదులుతోంది. పెద్ద బిడారు దిగి మూటలు సర్దుకుంటున్నట్టుంది. కోరయ్య తన ముందున్న గుట్ట చూసుకున్నాడు. ఈ ఎనిమిది చూసుకుని వారమంతా తెగ తవ్వేశాడు. గాడిదలు ఏరు దాటితే ఇదంతా ఏం చేసుకోవాలి?

"ఏడు!" అన్నాడు. జనం ఏటి వైపు చూస్తున్నారు.

"ఆరు! అయిదంటే అయిదు!"

"ఆగుదాం, నూకాలమ్మ వస్తోందిగా," అంది ఒక మేక.

"మూడు! మూడుకి పట్టుకుపోండి! అవి దాటే లోగా!"

గుట్ట కరిగిపోయింది. అంతా అయ్యాక పై రేవు నుంచి మైలయ్య తడిసిన కాళ్ళతో వచ్చి మూడు దుంపలు పెట్టి మిగిలిన ఒక్క గడ్డ తీసుకున్నాడు. గాడిదలు దాటలేదు. నీళ్ళు ఎక్కువగా ఉన్నాయేమో అనుకున్నారు అందరూ. తరువాతి సంతలోనూ గంటలు మోగాయి, తరువాతి సంతలోనూ మూడే.

కోరయ్యకి అనుమానం తగిలింది. తనే వెళ్ళి చూసొచ్చేవాడే, కానీ సంతలోనైతే అందరూ కళ్ళెదుటే ఉంటారు, గుంట వదిలి ఏరు దాటితే ఇంకెవడో దిగి తవ్వుకుంటాడు. తనది అని చూపించడానికి అక్కడ నిలబడి ఉండటం తప్ప ఆయన దగ్గర ఇంకే ఆధారమూ లేదు. అందుకని పాత స్నేహం కదా అని ఓ సంత పొద్దున జంబయ్యని పిలిచి పంపాడు.

జంబయ్య ఏరు ఈది రెల్లు పొదల్లోకి తొంగి చూశాడు. ఒక ముసలి ఎద్దు మెడలో గంటలు వేసుకుని ఎగశ్వాసతో అటూ ఇటూ నడుస్తోంది. మైలయ్య ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వా!" అన్నాడు జంబయ్య.

"నేనే. వెళ్ళి చెప్తావా?"

జంబయ్య గట్టు మీద కూర్చుని తోక పిండుకున్నాడు. వాడి గొంతులోనూ ఆ రోజు అలసటే ఉంది. "చెప్తే ఏమిస్తాడు?"

"నీకే తెలియాలి."

"ఏమీ ఇవ్వడు. ఈ రహస్యం కొనే గిరాకీ అడవి మొత్తానికి వాడొక్కడే. వాడెంతంటే అంత. ఒకసారి వాడికి అమ్మి చూశాగా నేను." కాసేపు మైలయ్య కాళ్ళ వంక చూశాడు. "ఆ ఎడమ చివర కాస్త ఎక్కువ మోగించు. అక్కడ నిశ్శబ్దంగా ఉంటే నమ్మబుద్ధి కావడం లేదు."

తిరిగి ఈదుకుంటూ వెళ్ళి గుంట దగ్గర ఒళ్ళు విదిలించుకున్నాడు.

"అన్నా! కళ్ళు చాలడం లేదు! ఎటు చూసినా గాడిదలే! నూకాలమ్మ గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నువ్వు ధర పెంచావని తెలిస్తే చాలు, ఆ పూటే దాటుతానంది."

కోరయ్య మొహం వాడిపోయింది. ఆ రోజు రెండున్నరకి అమ్మాడు.

వెదురు పొద దగ్గర పుల్లయ్య ఉప్పు నాకి గడ్డి నములుతున్నాడు. లేచి నిలబడటం ఇంకా రాలేదు కానీ నమిలే చప్పుడు గట్టిగానే ఉంది.

"సంత రోజు వస్తే చాలు, పొద్దున్నే ఎక్కడికి పోతున్నావురా?"

"పనికి."

"ఈ వయసులో నీకేం పనిరా?"

"గాడిద చాకిరీ," అని మైలయ్య వాడి పక్కనే ఒళ్ళు వాల్చాడు.

ఆ అడవిలో ఇప్పటికీ ఉప్పు గడ్డ మూడు దుంపలే. కోరయ్య చౌడు గుంట మీద కోరలు చాపి కాపలా కాస్తూ, ఏటి అవతల లేని గాడిదలకి భయపడుతూ, తవ్విందంతా తవ్వినట్టే చవగ్గా అమ్ముకుంటున్నాడు.

ఇందులో పిల్లలకి చెప్పాల్సింది ఒక్కటే: అమ్మేవాడు ఒక్కడే మిగిలిన చోట ధర దించేది దొర చట్టం కాదు, ఇంకొకడు వస్తున్నాడన్న చప్పుడు.